ఆనవాలు కాదన్న మనిషి

గురువారం పొద్దున తొమ్మిదీ నలభైకి ఆనవాలు మూడోసారి అదే మాట చెప్పింది. "ఈ ఆదేశం ఇస్తున్నది హైమవతి గారు కాదు."

తబస్సుమ్ కాఫీ కప్పు పక్కకు జరిపి తెర మీదకి వంగింది. మొదటిసారి ఇలా వచ్చినప్పుడు పొరపాటనుకుంది. రెండోసారి నెట్ నెమ్మదించి ఉంటుందనుకుంది. మూడోసారికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. హైమవతి గారి ఇంటి నుంచి, హైమవతి గారి లాప్‌టాప్‌లో, ఆవిడ వేలిముద్రతోనే తెరిచిన ఖాతాలోంచి ఎవరో నాగులగెడ్డ జలాశయానికి ఆదేశం పంపారు. ఐదో గేటు ఐదు అడుగులు ఎత్తమని.

నాగులగెడ్డ విశాఖపట్నానికి తొంభై కిలోమీటర్ల దూరం. ఏడు గేట్లు. కింద పదకొండు ఊళ్లు. ఋషికొండ వాలు మీదున్న ఈ ప్రయోగశాలలో ఆ గేట్లను తనంతట తానే నడిపే బాట్ మూడేళ్లుగా తయారవుతోంది. దాని పేరు గట్టు. ఎగువన ఎంత వాన పడిందో, గెడ్డలో ఎంత నీరొస్తోందో కొలిచే యంత్రాల నుంచి తెలుసుకుని ఏ గేటు ఎప్పుడు ఎంత ఎత్తాలో అదే తేల్చుకుంటుంది. దాని తీర్పును మార్చగలిగిన మనుషులు నలుగురే. గట్టుని రూపొందించిన హైమవతి గారు అందులో ఒకరు, ఆవిడ కింద పనిచేసే తబస్సుమ్ ఒకరు.

ఆ నలుగురిలో ఒకరి వేషం కట్టి ఐదోవాడు లోపలికొస్తే? ఆ భయంలోంచి పుట్టింది ఆనవాలు. ఆలోచన హైమవతి గారిది, రాసింది తబస్సుమ్. "పాస్‌వర్డు కాజేయొచ్చు, ఫోను కాజేయొచ్చు. మనిషి నిద్రపోతుంటే వేలిని కూడా వాడుకోవచ్చు. మనిషి తీరుని మాత్రం ఎత్తుకుపోలేరు," అనేవారు ఆవిడ. ఎవరి వేలు ఏ మీట మీద ఎంతసేపు ఆగుతుందో, తప్పు కొడితే ఎలా దిద్దుకుంటారో, దేని తర్వాత ఏది అడుగుతారో ఆనవాలు రెండేళ్లపాటు గమనించి నేర్చుకుంది. అనుమానం వస్తే అది కేకలు పెట్టదు. అవతలివారి తెర మీద "ఆదేశం అందింది" అని మర్యాదగా చూపిస్తుంది. ఆదేశాన్ని మాత్రం తన దగ్గరే ఆపేసి, కాపలా డ్యూటీలో ఉన్న తబస్సుమ్‌కీ డైరెక్టరుకీ కబురు పెడుతుంది. దొంగకి తను దొరికిపోయానని తెలియకూడదన్నది కూడా హైమవతి గారి ఏర్పాటే.

తబస్సుమ్ జలాశయం దగ్గరి లస్కరుకి ఫోన్ చేసింది. గేట్ల దగ్గర కాపలా ఉండే గౌరునాయుడికి అక్కడ ఇరవై ఏళ్ల సర్వీసు.

"గౌరునాయుడు గారూ, ఇప్పుడు కింద గెడ్డలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారమ్మా. మా ఊరి ఆడోళ్లు ఎనిమిదిమంది. దుప్పట్లు ఉతుక్కుంతన్నారు. పిల్లల్ని కూడా తెచ్చుకున్నారు. ఏటి, గేటు ఎత్తుతారేటి?"

"లేదు. ఎత్తడం లేదు."

"ఎత్తితే ముందు సెప్పండమ్మా. సైరనేస్తాను."

తబస్సుమ్ ఫోను పెట్టేసింది. ఐదు అడుగుల నీరు సైరను లేకుండా వచ్చిపడితే ఆ ఎనిమిదిమందికి ఒడ్డు ఎక్కే టైము ఉండేది కాదు.

డైరెక్టర్ జగ్గరాజు గారు కబురు అందుకుని అప్పటికే తలుపేసుకుని కూర్చున్నారు. తబస్సుమ్‌ని లోపలికి పిలిచి అడిగారు.

"ఆవిడింట్లో ఎవరెవరుంటారు?"

"భర్త ఒక్కరే సార్. కామేశం గారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు."

"ఆయన్ని కలవడానికి ఎవరెవరొస్తారో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది సార్?"

"తెలుసుకో. నువ్వు వాళ్లింటికి వెళ్తుంటావుగా. సాయంత్రం ఆవిడకి పంపే నివేదికలో ఈ మూడూ ఆగినట్టు రాయకు. ఆవిడ కూడా ఇందులో లేదని ఏమిటి గ్యారంటీ?"

తబస్సుమ్‌కి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తల్లి జబ్బు కోసం మూడేళ్లు ఉద్యోగం మానేసి కడపలో ఉండిపోయిన తనను, ఇంటర్వ్యూలో మిగతా ఇద్దరూ వద్దన్నా తీసుకున్నది హైమవతి గారే. అయినా ఆ సాయంత్రం నివేదికలో మూడు వరుసలు చెరిపేసింది. చెరిపేశాక, తీసేసినట్టు కనిపించకుండా అంకెలు సర్దింది. ఆ పని తనకి అంత సులువుగా రావడం ఆమెకే నచ్చలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఏవో కాగితాలు చూపించాలన్న వంకతో సీతమ్మధారలో హైమవతి గారింటికి వెళ్లింది. కామేశం గారే తలుపు తీశారు. వంట కూడా ఆయనే చేశారు. బెండకాయ వేపుడు, మెంతి మజ్జిగ. హైమవతి గారు హుషారుగానే ఉన్నారు. కాగితాలు చూసి రెండు తప్పులు పట్టుకున్నారు. యాభై ఒకటో ఏట కూడా ఆవిడ చూపు అలాగే ఉందనుకుంది తబస్సుమ్.

"గురువారం ఐదో గేటు కొంచెం ఎత్తించాను, ఇసక పోవడానికి," అన్నారు హైమవతి గారు మజ్జిగ వడ్డిస్తూ. "రిపోర్టులో అది కనపళ్లేదేం?"

తబస్సుమ్ ముద్ద మింగి, "చూస్తాను మేడం," అంది.

గురువారం ఆదేశం పంపింది తనేనంటున్నారు. నిజంగా తనే పంపారా? లేక పంపిన మనిషిని కాపాడుతున్నారా?

చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్తుంటే పక్కగది తలుపు ఓరగా తెరిచి ఉంది. హైమవతి గారి లాప్‌టాప్ ముందు కామేశం గారు కూర్చుని ఉన్నారు. అడుగుల చప్పుడు వినగానే మూత దించేసి లేచి నిలబడ్డారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

వెళ్లేటప్పుడు ఆయన స్కూటీ దాకా వచ్చారు. వెనక్కి తిరిగి ఇంటివైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"మీ ల్యాబులో ఆవిణ్ణి ఏం చేస్తున్నారమ్మా?"

"అదేంటి సార్?"

"నిజం చెప్పు. మీ యంత్రాల ముందు రోజుకి పన్నెండు గంటలు కూర్చోబెట్టి మెదడులో ఏం చదువుతున్నారు? మొన్న కరివేపాకు కోసం వెళ్లి ఆటోలో తిరిగొచ్చింది. రెండు వీధుల దూరం! అడిగితే పని ఒత్తిడి అంటుంది. నువ్వు కూడా ఏదో దాస్తున్నావు. అన్నం తింటున్నంతసేపూ నా మొహమే చూశావు."

తబస్సుమ్ తగ్గలేదు. "మీరు మేడం లాప్‌టాప్‌లో ఏం చేస్తున్నారు సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. "మూస్తున్నాను. తెరిచి వదిలేసి వెళ్లిపోతోంది. అలా వదలకూడదని ఒకప్పుడు నాకు క్లాసు పీకింది తనే. రోజూ నేనే మూస్తున్నాను."

తబస్సుమ్ నమ్మలేదు. నమ్మలేదని ఆయనకీ తెలిసింది.

ప్రయోగశాలలో ఆనవాలు కొంచెం మెతకగా ఉండేది. ద్వారం దగ్గర కాపలా, గదిలో కెమెరా ఉంటాయి కాబట్టి అక్కడి కుర్చీల్లో కూర్చున్న నలుగురి మీదా చిన్న అనుమానాలను వదిలేయమని దానికి చెప్పి ఉంచారు. సోమవారం పొద్దున తబస్సుమ్ ఆ సడలింపును పది నిమిషాలు తీసేసింది. ఇక్కడ హైమవతి గారిని ఆనవాలు గుర్తుపడితే, ఇంట్లో కూర్చున్నది వేరే మనిషని తేలిపోతుంది. కామేశం గారి పేరు జగ్గరాజు గారికి చెప్పెయ్యొచ్చు.

"మేడం, రెండో గేటు పరీక్ష ఒకటి మీరు చేస్తారా?" అని అడిగి పక్కనే నిలబడింది.

హైమవతి గారు కుర్చీ ముందుకు లాక్కుని మీటలు కొట్టసాగారు. తబస్సుమ్ చేతిలోని ఫోను మెల్లగా వణికింది. చూసింది.

"ఈ ఆదేశం ఇస్తున్నది హైమవతి గారు కాదు. నిశ్చయం: తొంభై ఒక్క శాతం."

ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆవిడే ఉన్నారు. అదే కళ్లజోడు, అదే ముతక నేత చీర. తబస్సుమ్ ఫోనునీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసింది. ఆ వెంటనే గుండెల మీంచి బరువు దిగింది. ఆనవాలు తప్పు! ఎవరూ దొంగ కాదు. తను రాసిన దాన్లోనే లోపం ఉంది. లోపమైతే దిద్దుకోవచ్చు.

సంతోషం పట్టలేక అంతా చెప్పేసింది. మూడు ఆదేశాలు ఆగడం, చెరిపేసిన వరుసలు, ఆదివారం భోజనం అసలెందుకో. "సిగ్గుగా ఉంది మేడం. మిమ్మల్నీ సార్‌నీ అనుమానించాను. బాట్‌లోనే ఏదో తప్పుంది."

హైమవతి గారికి కోపం రాలేదు. "దాని కారణాలు తియ్యి," అన్నారు.

ఆనవాలు తను వదిలేసిన చిన్న అనుమానాలకు కూడా కారణాలు రాసిపెట్టుకుంటుంది. ఆరు వారాల జాబితా తెర మీదకి వచ్చింది. కుడిచేతి వేళ్లు మీట మీటకీ ఆగుతున్నాయి. ఒకే ప్రశ్నని నాలుగు నిమిషాల్లో రెండుసార్లు వేయడం తొమ్మిదిసార్లు జరిగింది. కిందటేడు ఏ గేటు ఎత్తినా ముందు దిగువన మనుషులున్నారా అని అడిగేవారు. ఈ ఆరు వారాల్లో పదిహేడుసార్లు అడగలేదు. ఇవాళ్టిది వదిలేస్తే చివరి వరుస గురువారానిది. ఐదో గేటు, ఐదు అడుగులు.

"నేను ఒక్క అడుగే కొట్టాను," అన్నారు హైమవతి గారు.

తబస్సుమ్ అసలు రికార్డు తెరిచింది. ఐదు అనే ఉంది. ముందు ఒకటి కొట్టి, చెరిపి, మళ్లీ ఐదు కొట్టినట్టు కూడా ఉంది.

ఆవిడ చాలాసేపు ఆ వరుసనే చూశారు. "ఆ టైములో గెడ్డలో ఎవరున్నారు?"

చెప్పకూడదనుకుంది తబస్సుమ్. కానీ ఆ కళ్ల ముందు దాచడం చేతకాలేదు. "ఆడవాళ్లు ఎనిమిదిమంది. పిల్లలు."

హైమవతి గారు చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"బాట్ తప్పయి ఉండొచ్చు మేడం. ఇంకోసారి చూస్తాను."

"తప్పయితే ఎంత బాగుండును," అన్నారు ఆవిడ. "మనం దాన్ని సరిగ్గానే కట్టాం తబస్సుమ్."

స్కానింగులు, పరీక్షలు మూడు వారాలు పట్టాయి. చిన్న వయసులోనే మొదలయ్యే మతిమరుపు జబ్బు అన్నారు డాక్టర్లు. ఇంత తొలిదశలో ఎలా కనిపెట్టారని ఒక డాక్టరు ఆశ్చర్యపోయి అడిగితే, "మా ఆఫీసులో ఒకరు చెప్పారు," అన్నారట హైమవతి గారు.

జగ్గరాజు గారు ఆ కబురు విని నిజంగానే బాధపడ్డారు. రెండు రోజుల తర్వాత ఇద్దర్నీ పిలిచి మాట్లాడినప్పుడు ఆ బాధ అలాగే ఉంది గానీ, పక్కన ఇంకొకటి కూడా చేరింది. గట్టు ప్రారంభోత్సవం పదిహేను రోజుల్లో ఉంది. గట్టుకి అనుమతి ఇచ్చినవాళ్లు హైమవతి పేరు చూసి ఇచ్చారు.

"ఈ ఆరువారాల తీరునే మళ్లీ నేర్పితే ఆనవాలు మిమ్మల్ని ఒప్పుకుంటుంది కదా," అన్నారాయన. "ప్రారంభం అయిపోయేదాకా. ఎవరికీ తెలియక్కర్లేదు. మీ గౌరవం కూడా నిలుస్తుంది."

తబస్సుమ్ గబుక్కున, "అరగంట పని మేడం," అంది. అన్నాక గానీ తనెంత ఆశపడుతోందో తనకే తెలియలేదు.

"వచ్చే నెల నేను ఇంకో తీరులో ఉంటాను. దానికది కూడా నేర్పుతారా?" అన్నారు హైమవతి గారు. "తర్వాత ఇంకోటి. చివరికి ఏం కొట్టినా నేనే అనేలా తయారవుతుంది. అప్పుడు దానికి కాపలా అన్న పేరెందుకు?"

ఆ మధ్యాహ్నమే నలుగురి జాబితాలోంచి తన పేరు తీసేయించారు. సలహాదారుగా మాత్రం వస్తానన్నారు. తబస్సుమే ఆ పేరు తీసేసింది. "నిజంగా తొలగించాలా?" అని మామూలుగా అడిగే ప్రశ్నే అడిగింది యంత్రం. హైమవతి గారు పక్కనుంచి, "ఔననవే," అన్నారు.

ప్రారంభోత్సవం వాన మధ్య జరిగింది. నాలుగో రోజు వాయుగుండం తీరం దాటింది. ఆ మధ్యాహ్నం ప్రయోగశాల కిటికీల్లోంచి సముద్రం కనిపించలేదు. తెర మీద గట్టు ప్రశాంతంగా ఉంది. ఎగువ నుంచి వస్తున్న నీరు అదుపులోనే ఉందనీ, గేట్లు ఇంకో రెండు గంటలు ఆగవచ్చనీ చెబుతోంది.

హైమవతి గారు వెనకాల కుర్చీలో కూర్చుని అంకెలు చూస్తున్నారు. ఉన్నట్టుండి లేచారు.

"ఎగువ యంత్రం చచ్చిపోయింది. మూడు గేట్లు ఎత్తించు. ఇప్పుడే."

జగ్గరాజు గారు తబస్సుమ్ వైపు చూశారు. ఆ చూపుకి అర్థం తబస్సుమ్‌కి తెలుసు. పొద్దున్నే ఆవిడ తన కుర్చీ ఏదో తెలియక రెండు నిమిషాలు నిలబడిపోవడం ఇద్దరూ చూశారు.

"నలభై నిమిషాల నుంచి ఒకే అంకె వస్తోంది," అన్నారు హైమవతి గారు. తెర మీద ఆ అంకెని వేలితో చూపించారు. "ఇంత వానలో నీరు ఒకేలా ఉంటుందా? గట్టు తనకొచ్చే అంకెల్ని అనుమానించదు. మనం దానికి నేర్పలేదు. మనుషుల్ని అనుమానించడమే నేర్పాం."

"ఆవిడ మాట మీద గేట్లు ఎత్తుతామా?" అన్నారు జగ్గరాజు గారు మెల్లగా. ఆ మాట ఆవిడకీ వినపడింది.

తబస్సుమ్ తెర చూడలేదు. ఆవిడ ముఖం చూసింది. ఇది హైమవతి గారేనా? లేక ఆ ఐదు అడుగులు కొట్టిన మనిషా? ముఖంలో జవాబు లేదు. అప్పుడు అంకెలు చూసింది. నలభై నిమిషాలు కాదు, నలభై ఆరు. పొల్లుపోకుండా ఒకటే అంకె. ఫోను తీసింది.

"గౌరునాయుడు గారూ, పైనుంచి నీరెలా ఉంది?"

వాన హోరులో ఆయన గొంతు తెగి తెగి వచ్చింది. "ఎర్రగా వొచ్చీసిందమ్మా! మానులు కొట్టుకొచ్చేస్తన్నాయి. నాను ఫోన్ సేత్తామంటే ఇందాకటి దాకా సిగ్నలు లేదు. మీ కంప్యూటరు పెట్టి ఏటి సెప్తున్నాది?"

"ఆగమంటోంది. మీరు సైరనేయండి. మూడు గేట్లు ఎత్తుతున్నాను."

ఆదేశం తనే ఇచ్చింది. ఆనవాలు ఆమెను తబస్సుమేనని ఒప్పుకుంది. పది నిమిషాలు సైరను మోగాక గేట్లు లేచాయి. సాయంత్రానికి జలాశయంలో నీరు అంచుకి అరడుగు కిందుగా నిలబడింది. కింద చెరకు తోటలు మునిగాయి గానీ ఊళ్లలోకి నీరు రాలేదు. ఎగువ యంత్రాన్ని నిలబెట్టిన స్తంభం మధ్యాహ్నమే కొట్టుకుపోయిందని మర్నాడు తేలింది. చివరిసారి చూసిన అంకెనే, అంకెల్ని ఇక్కడికి అందించే మధ్యలోని పెట్టె మళ్లీ మళ్లీ పంపుతూ ఉండిపోయింది.

వాన తగ్గాక వరండాలో నిలబడి ఉన్న హైమవతి గారి దగ్గరికి తబస్సుమ్ వెళ్లింది.

"మీ మాట వినగానే ఎత్తలేదు. గౌరునాయుడిని అడిగాను. క్షమించండి మేడం."

"అడక్కుండా ఎత్తి ఉంటే నిన్ను ఉద్యోగంలోంచి తీసేయమనేదాన్ని," అన్నారు ఆవిడ. మళ్లీ ఆవిడే, "కానీ నువ్వు ముందు నా మొహం చూశావు. ఆ తర్వాతే అంకెలు చూశావు," అన్నారు.

ఆవిడ గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత హైమవతి గారు ప్రయోగశాలకి రాలేదు. తబస్సుమ్ గట్టుకి కొత్త గుణం ఒకటి చేర్చింది. ఏ అంకె అయినా మరీ నిలకడగా వస్తుంటే దాన్ని నమ్మకుండా, అక్కడున్న మనిషిని అడగమని. వేసవి దాకా బాట్ నిక్కచ్చిగా పనిచేసింది. ఇంకో రెండు జలాశయాలకి కూడా పెట్టమన్నారు.

మార్చిలో ఒకరోజు కామేశం గారు ఫోన్ చేసి భోజనానికి రమ్మన్నారు. వెళ్లేసరికి హైమవతి గారు వరండాలో దినపత్రిక చదువుతున్నారు. తబస్సుమ్‌ని చూసి నవ్వి, "రా," అన్నారు. పేరు పెట్టి పిలవలేదు.

కామేశం గారు వంటింట్లోకి తీసుకెళ్లారు. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. ఆయన బాగా చిక్కిపోయారు.

"ఆ రోజు నిన్ను అనుమానించానమ్మా. మనసులో పెట్టుకోకు."

"నేనూ మిమ్మల్ని అనుమానించాను సార్."

"నాకో సాయం చేస్తావా?" అన్నారాయన గరిటె పక్కన పెట్టి. "మీ ఆనవాలు ఇంకోటి ఉంటుందిగా. పాతది, ఆవిడ బావున్నప్పుడు నేర్చుకున్నది. దాన్ని మా ఇంట్లో పెట్టు. ఆవిడ రోజూ రెండు వాక్యాలు కొడుతుంది. ఇవాళ ఎంత శాతం తనే అన్నది చెబుతుంది కదా. నాకు తెలియకుండా ఉంది. ఒకోరోజు మామూలుగా ఉంటుంది, ఒకోరోజు నన్ను ఎవరోలా చూస్తుంది. రాత్రంతా ఆలోచిస్తూ పడుకుంటున్నాను. ఏదో ఒక అంకె ఉంటే ధైర్యంగా ఉంటుంది."

తబస్సుమ్‌కి అది పది నిమిషాల పని. లాప్‌టాప్ సంచిలోనే ఉంది. ఆయన కళ్లలోకి చూసి కాదనలేకపోయింది. సంచి జిప్పు సగం తీసింది కూడా.

"పెట్టించుకోండి."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. హైమవతి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. పేపరు ఇంకా చేతిలోనే ఉంది.

"పెట్టించుకోండి. నాకేం కోపం లేదు," అన్నారు ఆవిడ నెమ్మదిగా, మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ. "ఒకరోజు అది నేను కాదంటుంది. తప్పకుండా అంటుంది. ఆ రోజు మీరేం చేస్తారు?"

కామేశం గారు స్టవ్ కేసి చూశారు, చేతిలోకి గరిటె తీసుకున్నారు, మళ్లీ పెట్టేశారు.

"ఏం చేస్తాను," అన్నారు చివరికి. "మధ్యాహ్నమైతే అన్నం పెడతాను."

"మరి దాన్ని అడగడం ఎందుకు?"

ఆయన ముఖం పక్కకి తిప్పుకుని పప్పు కలపడం మొదలుపెట్టారు. హైమవతి గారు లోపలికి వచ్చి అలమారలోంచి కంచాలు తీశారు. నాలుగు తీశారు. కాసేపు వాటిని చూసి, ఒకటి తిరిగి లోపల పెట్టేశారు. తబస్సుమ్ సంచి మూసి తలుపు వెనక పెట్టి, మంచినీళ్లు అందుకోవడానికి వెళ్లింది.